ఎనిమోన్ కొనేముందు కాండం చూడండి

సంపాదకులకు నమస్కారం.

ఇళ్లలో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకోవడం గురించి మీరు ఈమధ్య వేసిన కథనం కొత్తవాళ్లకు బాగా పనికొస్తుంది. ఉప్పు కలిపే కొలతలు, వడపోత సంగతులు తేలిగ్గా అర్థమయ్యేలా చెప్పారు. కాకపోతే అందులో 'క్లౌన్ చేపల జతకు తోడుగా ఒక ఎనిమోన్ వేసుకుంటే చూడముచ్చటగా ఉంటుంది' అన్న వాక్యం ఒకటి ఉంది. ఎనిమోన్ అంటే సముద్రంలో ఉండే ఒక జంతువు; దానిలో ఏ జాతి వేసుకోవాలన్నది అందులో లేదు. అసలు చిక్కంతా అక్కడే.

ప్రపంచంలో వెయ్యికి పైగా ఎనిమోన్ జాతులుంటే, క్లౌన్ చేపలు సముద్రంలో కాపురం పెట్టేది పది జాతుల్లోనే. దుకాణాల తొట్టెల్లో ఆ పదింటిలో కొన్ని ఉంటాయి, వాటితో సంబంధం లేనివీ ఉంటాయి, అసలు ఎనిమోనే కానివీ ఉంటాయి. గాజు మీద అంటించిన చీటీలో మాత్రం 'పర్పుల్ టిప్', 'వైట్ సెబే', 'కార్పెట్', 'లాంగ్ టెంటకిల్' అని ఉంటుంది. ఆ చీటీని నమ్మి తెచ్చినది రాయి మీద బతికేదైతే ఇసుకలో పెడతాం, ఇసుకలో పాతుకునేదైతే రాయి మీద పెడతాం. అది కుదురుగా ఉండలేక రాత్రికి రాత్రి కదులుతుంది, నీళ్లను కదిలించే పంపు, అంటే వేవ్‌మేకర్ రెక్కల్లో పడి ముక్కలవుతుంది. తెల్లారేసరికి నీళ్లు పాలలా మారి చేపలు కూడా పోతాయి.

ఎనిమోన్ పువ్వులా కనిపించే జంతువు. కింద అతుక్కునే పాదం, దాని మీద కాండం, పైన పళ్లెంలా విచ్చుకున్న భాగం, ఆ పళ్లెం నడుమ నోరు, చుట్టూ కుట్టే కణాలున్న తీగల్లాంటి స్పర్శకాలు. కొనేవాళ్లు పళ్లెం చూసి మురిసిపోతారు. జాతి తెలియాలంటే చూడాల్సింది కాండం, పాదం.

రంగును లెక్కలోకి తీసుకోవద్దు. దుకాణాల్లో నీలి ఎల్‌ఈడీలు వెలుగుతుంటాయి, ఆ వెలుతురులో గోధుమరంగు ఎనిమోన్ కూడా పచ్చగా మెరుస్తుంది. తెల్ల లైటు వేయమని అడగాలి, లేకపోతే ఫోను టార్చిని పక్క నుంచి వేసి చూడాలి. ఆరోగ్యంగా ఉన్న ఎనిమోన్ చాలాసార్లు సాదాగానే ఉంటుంది: గోధుమ, పల్చటి కాఫీ, ఆలివ్ పచ్చ. ఆ రంగు దాని కణాల్లో ఉండే జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలది. వెలుతురుతో ఆహారం వండి పెట్టేవి అవే. ఒళ్లంతా పాలలా తెల్లగా, కొనలు మాత్రం ఊదాగా ఉన్నదాన్ని 'అరుదైన రకం' అని ఎక్కువ ధరకు అమ్ముతారు. అది శైవలాలు పోగొట్టుకుని ఆకలితో ఉన్న జీవి. నోరు, కాండం, కొనలు అన్నీ ఒకే నిమ్మపసుపులో ఉంటే రంగునీళ్లలో ముంచారేమోనని అనుమానించాలి.

కాండం చూడటానికి కొంచెం ఓపిక కావాలి. గాజుకు అతుక్కుని ఉంటే పక్క నుంచి కనిపిస్తుంది. ఇసుకలో పూడుకున్నదాన్ని పెకలించి చూపమని మాత్రం అడగొద్దు, పాదం చిరిగిన ఎనిమోన్ కోలుకోవడం కష్టం. అన్నిటికన్నా మంచి సమయం సరుకు దిగిన రోజే. సంచిలో ఉండగానే దాన్ని లైటుకు ఎత్తి పట్టి మెల్లగా తిప్పితే పాదం అంచు, కాండం రంగు, దాని మీద బుడిపెలు అన్నీ అరచేతి దూరంలో కనిపిస్తాయి. మూడు ఫొటోలు తీసుకోండి: పైనుంచి పళ్లెం, పక్క నుంచి కాండం, దగ్గరగా రెండు మూడు స్పర్శకాలు. మూడో ఫొటోకు గాజు బయట స్కేలు ఆనించి పెడితే స్పర్శకాల పొడవు తెలుస్తుంది.

మొదటి ప్రశ్న కాండం మీద బుడిపెలు ఉన్నాయా లేవా అని. జిగటగా ఉండి ఇసుక రేణువులను, గవ్వ ముక్కలను పట్టుకునేవే ఈ బుడిపెలు. అవి అసలు లేకుండా కాండం నున్నగా ఉండి, పాదం రాయి సందులోకి లోతుగా దూరి ఉంటే అది చాలావరకు ఎంటాక్మియా క్వాడ్రికలర్. వాడుకలో బబుల్ టిప్ అంటారు. స్పర్శకం కొన కింద బుడగలా ఉబ్బి, ఆ ఉబ్బు నడుమ తెల్లటి వలయం, చివర గులాబీ చుక్క ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. అలాగని బుడగలు లేవు కాబట్టి బబుల్ టిప్ కాదనడం పొరపాటు. ఈ జాతి నెలల తరబడి బుడగల్లేకుండా, సన్నగా సాగిన స్పర్శకాలతో ఉండొచ్చు. వెలుతురు, మేత, తోడు చేప ఇవన్నీ కారణాలంటారు గానీ దేన్నీ గట్టిగా తేల్చలేం. అలాంటప్పుడు దారి చూపేది నున్నటి కాండమే. ఇది తొట్టిలో తనంతట తానే రెండుగా చీలి పెరుగుతుంది కాబట్టి సముద్రం నుంచి తెచ్చినదాని బదులు ఎవరి తొట్టిలోనో పుట్టిన పిల్లను అడిగి తెచ్చుకోవచ్చు. కొత్తవాళ్లకు మేము చెప్పేది ఈ ఒక్కదాన్నే.

నున్నటి కాండం ఉన్నది ఇంకొకటీ మార్కెట్లో ఉంది. కరీబియన్ నుంచి వచ్చే కాండిలాక్టిస్ జైగాంటియా. స్పర్శకాలు లావుగా, పొడవుగా ఉంటాయి, కొనలు చాలాసార్లు ఊదా లేదా గులాబీ. వాటి మీద తెల్ల వలయం ఉండదు. అట్లాంటిక్‌లో క్లౌన్ చేపలే లేవు, అందువల్ల ఈ ఎనిమోన్‌కు వాటితో సహజమైన పొత్తు లేదు. 'పర్పుల్ టిప్' చీటీ కింద ఎక్కువగా గందరగోళపడేది దీనితోనే, ఎందుకంటే ఊదా కొనలు కింద చెప్పబోయే క్రిస్పా, మాలు అనే జాతులకు కూడా ఉంటాయి.

ఇక బుడిపెలున్న ఇసుక జాతులు. కాండం తోలులా మందంగా, బూడిదరంగులో ఉండి బుడిపెలు కొట్టొచ్చినట్టు కనిపిస్తే అది క్రిస్పా. స్పర్శకాలు వందల్లో, దట్టంగా, మొనదేలి ఉంటాయి, 10 సెంటీమీటర్ల దాకా సాగుతాయి. కాండం లేత మీగడరంగులో ఉండి, స్పర్శకాలు పలుచగా, పొట్టిగా, 4 సెంటీమీటర్లు దాటకుండా ఉంటే అది మాలు. ఈ రెండింటి మధ్య స్కేలు ఫొటో తీర్పు చెబుతుంది. కాండం కింది భాగం నారింజ నుంచి ముదురెరుపు దాకా ఉండి, స్పర్శకాలు కొద్దిగా, ఎడంగా, ఒక్కొక్కటి 17 సెంటీమీటర్ల దాకా పొడవుగా, కొన్ని బుడ్డి మూత తీసే స్క్రూలా మెలితిరిగి ఉంటే అది డోరియెన్సిస్. పళ్లెం మీద నోటి వైపు పరుగెత్తే తెల్లటి గీతలు కూడా దానికి గుర్తు. 'లాంగ్ టెంటకిల్' చీటీకి నిజంగా తగినది ఇదొక్కటే. స్పర్శకం పొడవునా పూసలు గుచ్చినట్టు ఉబ్బులుంటే అది అరోరా, దాన్ని మరొకటని పొరబడే వీలే లేదు. పాత పుస్తకాలతో పోల్చుకునేవాళ్లకు ఒక మాట: క్రిస్పా, మాలు, మాగ్నిఫికాలను ఇదివరకు హెటెరాక్టిస్ అన్న ప్రజాతి పేరుతో రాసేవారు, ఇప్పుడు రాడియాంథస్ అంటున్నారు. రెండు పేర్లూ చలామణిలో ఉన్నాయి, జీవి ఒక్కటే.

మాగ్నిఫికా సంగతి వేరు. కాండమంతా ఒకే గాఢమైన రంగులో ఉంటుంది: ఊదా, ఎరుపు, నీలం, ఆకుపచ్చ, ఏదైనా కావచ్చు. స్పర్శకాలు చివరిదాకా ఒకే లావుతో, మన చేతివేళ్లలా మొద్దుబారి ఉంటాయి. ముడుచుకున్నప్పుడు ఆ రంగు కాండం బంతిలా పైకి వచ్చి చూసేవాళ్లను పడగొట్టేస్తుంది. కానీ ఇది తొట్టిలో ఎత్తైన చోటు, బలమైన వెలుతురు, గట్టి నీటి ప్రవాహం దొరికేదాకా తిరుగుతూనే ఉంటుంది. అనుభవం లేనివాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది.

కార్పెట్ అన్న ఒక్క మాట కింద మూడు జాతులు అమ్ముడవుతాయి. హడ్డోని ఇసుకలో ఉంటుంది. స్పర్శకాల కొనలు గుండుసూది తలల్లా ఉంటాయి, నోటి చుట్టూ కొంత చోటు స్పర్శకాల్లేకుండా ఖాళీగా కనిపిస్తుంది. కాండం బుడిపెలు చిన్నవి, కాండం రంగులోనే కలిసిపోతాయి. కార్పెట్‌లలో రెండోదైన జైగాంటియాకు (పైన చెప్పిన కరీబియన్‌ది కాదు, పేరే కలిసింది) అవి నీలం లేదా ముదురు ఊదా ఎరుపు. స్పర్శకాలు మొనదేలి, నీళ్లు కదలకపోయినా వణుకుతున్నట్టు ఉంటాయి. మెర్టెన్సీ బుడిపెలు నారింజ లేదా మెజెంటా రంగులో ఉంటాయి. అది మీటరు దాటి పరుచుకుంటుంది, నాలుగడుగుల తొట్టిలో దానికి చోటే లేదు. హడ్డోని కూడా అర మీటరు దాటుతుంది, దాని కుట్టు తీవ్రం, నిద్రపోయే చేప దాని మీద వాలితే మింగేస్తుంది. కాబట్టి 400 లీటర్లకు తక్కువ తొట్టిలో వద్దు. చేతికి తొడుగు లేకుండా ముట్టుకోవద్దు, ఆ చేత్తో కళ్లు అసలు తుడుచుకోవద్దు.

ఇక్కడే మనకు దగ్గరి ముచ్చట ఒకటి. మన బంగాళాఖాతంలో ఉండే సెబే క్లౌన్ చేపకు సముద్రంలో ఇల్లు హడ్డోని. 'సెబే ఎనిమోన్' అని అమ్మేదేమో క్రిస్పా. పేరు కలిసింది కదా అని ఈ రెంటినీ జత చేసి, చేప దగ్గరికి పోవడం లేదని బాధపడేవాళ్లు చాలామంది. మెరూన్ క్లౌన్ సముద్రంలో బబుల్ టిప్‌లో తప్ప ఉండదు. మాల్దీవుల నల్ల రెక్కల నైగ్రిపెస్ క్లౌన్‌కు మాగ్నిఫికా తప్ప పట్టదు. క్లార్కీ క్లౌన్ ఆ పది జాతుల్లోనూ సర్దుకుంటుంది. దుకాణాల్లో నీమో అని పిలిచే ఒసెల్లారిస్ సముద్రంలో మాగ్నిఫికా, కార్పెట్ జైగాంటియా, మెర్టెన్సీలలో ఉంటుంది. తొట్టిలో బబుల్ టిప్‌ను తరచు ఒప్పుకుంటుంది గానీ, ఒప్పుకోకపోయినా చేసేదేమీ లేదు. అసలు ఎనిమోన్ లేకపోతే క్లౌన్ చేపకు ఇంట్లో వచ్చే నష్టం ఏమీ లేదు. హేచరీల్లో పుట్టినవి జీవితమంతా అది లేకుండానే హాయిగా బతుకుతాయి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మండపం కేంద్రంలో సెబే క్లౌన్లనే అలా పుట్టించి పెంచారు.

ఎనిమోన్ పేరుతో అమ్మే ఇతర జీవుల్లో ట్యూబ్ ఎనిమోన్ ఒకటి. తోలు గొట్టంలాంటి ఒరలో ఉంటుంది, స్పర్శకాలు రెండు వరుసలు: నోటి దగ్గర పొట్టివి, అంచున పొడవైనవి. దానికి వెలుతురు అక్కర్లేదు, లోతైన ఇసుక కావాలి. క్లౌన్ చేపకు అది ఇల్లు కాదు. రెండోది చట్టంతో ముడిపడ్డ పొరపాటు. హీలియోఫంజియా అనే పళ్లెం పగడం, టార్చ్ కోరల్ అచ్చం ఎనిమోన్‌లా స్పర్శకాలు ఊపుతాయి. అవి ముడుచుకున్నప్పుడు కింద చూడండి. గట్టి సున్నపు అస్థిపంజరం, దాని మీద పలుచటి రేకుల్లాంటి గట్లు కనిపిస్తే అది రాతి పగడం. ఎనిమోన్ ఒంట్లో గట్టి భాగమే ఉండదు. మన సముద్రాల్లోని రాతి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. వాటిని చట్టవిరుద్ధంగా పట్టినా, కొన్నా కనీస శిక్షే మూడేళ్ల జైలు. 'ఎనిమోన్ అనుకున్నాను' అన్న మాట అక్కడ అక్కరకు రాదు.

విశాఖ తీరంలో ఆటు సమయంలో రాళ్ల గుంతల్లో కనిపించే చిన్న ఎనిమోన్లను చాకుతో గీకి తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. ఒంటినిండా గవ్వ ముక్కలు అతికించుకుని ముద్దుగా ఉంటాయి. పైన చెప్పిన పదింటిలోవి కావు, గీకినప్పుడే పాదం చిరిగిపోతుంది. వాటిని అక్కడే ఉండనివ్వండి.

డబ్బు పెట్టకుండా ఇంటికొచ్చే ఎనిమోన్ ఇంకొకటుంది, ఐప్టేసియా. రాయితోపాటు దిగుతుంది. రెండు మూడు సెంటీమీటర్ల జీవి, సన్నని బూరలాంటి కాండం, గాజులా పారదర్శకమైన గోధుమ స్పర్శకాలు. వేలు దగ్గరికి తెస్తే రెప్పపాటులో రంధ్రంలోకి ముడుచుకుపోతుంది. బబుల్ టిప్ పిల్లేమోనని ముచ్చటపడి పెంచితే ఆరు నెలల్లో తొట్టి దానిదే. గోటితో గిల్లితే ఇంకా నష్టం: రాలిన ప్రతి తునకా కొత్తది అవుతుంది. దాన్ని చంపాలంటే కాల్షియం హైడ్రాక్సైడ్‌ను ఆర్ఓ నీళ్లలో చిక్కటి ముద్దగా కలిపి, పంపులన్నీ ఆపి, సిరంజితో దాని నోటి మీద పడేలా కప్పాలి, 20 నిమిషాలు కదపకూడదు. రోజుకు నాలుగైదింటికి మించితే నీటి పీహెచ్ ఒక్కసారిగా ఎగబాకుతుంది. తాంబూలం సున్నం కూడా అదే పదార్థమే గానీ అందులో ఏమేం కలిపారో తెలియదు, ప్రయోగశాల రకమే వాడండి. రాయిని మరిగించి చంపాలని మాత్రం చూడొద్దు. ఆ రాయి మీద జోయాంథిడ్లు అనే గుత్తులుగా పెరిగే మెత్తటి జీవులు ఉంటే వాటిలోని పాలీటాక్సిన్ అనే విషం ఆవిరితో గదంతా వ్యాపించి ఇంటిల్లిపాదినీ ఆసుపత్రి పాలు చేయగలదు. ఐప్టేసియాను తినే పెప్పర్‌మింట్ రొయ్యను తెచ్చుకోవచ్చు. అక్కడా పోలిక తప్పొద్దు. పెప్పర్‌మింట్ ఒంటి మీద ఎర్ర గీతలే ఉంటాయి. ఎరుపు నడుమ తెల్ల గీతలు, చుక్కలు, వీపున గూని ఉంటే అది క్యామెల్ రొయ్య, అది ఐప్టేసియాను వదిలి మెత్తటి పగడాలను కొరుకుతుంది.

జాతి తేలింది, తొట్టి సిద్ధంగా ఉందా అన్నది మిగిలింది. కనీసం ఆరు నెలలు నడిచిన తొట్టి, బబుల్ టిప్‌కైనా 150 లీటర్లు కావాలి. ఉప్పు మోతాదు తెలిపే సాపేక్ష సాంద్రత 1.025, ఉష్ణోగ్రత 25 నుంచి 27 డిగ్రీలు, అమోనియా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 10 పీపీఎం లోపు. మన ఎండాకాలంలో విజయవాడలోనో హైదరాబాద్‌లోనో కరెంటు పోయిన మధ్యాహ్నం తొట్టి 31 దాటుతుంది, ఎనిమోన్ శైవలాలను వదిలేసి తెల్లబడేది అప్పుడే. నీళ్లను చల్లబరిచే చిల్లర్ కొనే ఉద్దేశం లేకపోతే ఎనిమోన్ ఉద్దేశమూ మానుకోవాలి. బోరు నీళ్లు వద్దు, ఆర్ఓడీఐ నీళ్లే, అంటే ఆర్ఓ తర్వాత మిగిలిన లవణాలు కూడా తీసేసినవి. ఎప్పుడైనా రాగి మందు వేసిన తొట్టి అయితే అందులో ఎనిమోన్ వేయొద్దు, రాళ్లలో ఇంకిన రాగి నెలల తర్వాత కూడా నీళ్లలోకి దిగుతుంది.

తెచ్చిన సంచి నీళ్లను బకెట్లో పోసి, సన్నని గొట్టానికి ముడి వేసి, సెకనుకు రెండు మూడు చుక్కల చొప్పున గంటసేపు తొట్టి నీళ్లు పడనివ్వండి. వేవ్‌మేకర్లకు ముందే స్పాంజి లేదా జాలీ తొడగాలి, వేశాక కాదు. బబుల్ టిప్‌ను రాయి సందు పక్కన పెట్టి, పాదం పట్టుకునేదాకా ఒకటి రెండు గంటలు వేవ్‌మేకర్ ఆపండి. క్రిస్పా, డోరియెన్సిస్, హడ్డోనిలకు 10 సెంటీమీటర్ల ఇసుక ఉండాలి. వారానికి ఒకసారి, నోరు పట్టేంత రొయ్య ముక్క చాలు. తిన్న మర్నాడు ముడుచుకుని పిడికెడు అయితే కంగారు పడొద్దు, లోపలి వ్యర్థాన్ని కక్కుతోంది, మర్నాటికి విచ్చుకుంటుంది. నోరు తెరుచుకుని లోపలి పేగులాంటి భాగం బయటికి వేలాడుతూ, ముట్టుకుంటే జిగురు పట్టకుండా కరిగిపోతూ, కుళ్లు వాసన వస్తుంటే మాత్రం అది చనిపోయింది. అప్పటికప్పుడే తీసేసి, మూడో వంతు నీళ్లు మార్చి, యాక్టివేటెడ్ కార్బన్ వేయాలి. రేపు చూద్దామంటే చేపలు మిగలవు.

దుకాణదారులకు మా విన్నపం ఒకటే. చీటీ మీద రంగుకు బదులు జాతి పేరు తెలుగులోనే రాయండి: 'క్వాడ్రికలర్, రాయి' అనో 'హడ్డోని, ఇసుక, చేపల్ని తింటుంది' అనో మూడు మాటలు చాలు. జాతి తెలియకపోతే 'తెలియదు' అని రాసినా కొనేవాళ్లు జాగ్రత్త పడతారు. మీరు ఈ విషయం మీద మళ్లీ రాసేటప్పుడు పళ్లెం ఫొటో పక్కన కాండం ఫొటో కూడా వేయగలరని మనవి.

ఇట్లు,
ఉప్పునీటి అక్వేరియం పెంపకందారులు కొందరు,
విశాఖపట్నం